మూడో పోస్టర్ తీసెయ్యి తల్లీ

తల్లీ,

మీ క్యాంపస్ జంతువుల సంఘం కోసం నువ్వు వేసి పంపిన మూడు పోస్టర్లూ చూశాను. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి దూరం నుంచి ఒకసారి. నడుస్తూ చూసేవాడికి ఏపాటి అందుతుందో అలాగైతేనే తెలుస్తుంది. సంక్రాంతి మాంజా గురించి వేసిన మొదటిది బాగుంది. ఎలుకల కోసం పెట్టే జిగురు అట్టల మీద వేసిన రెండోది ఇంకా బాగుంది. ఎలుక తరఫున నోరు విప్పే ధైర్యం జంతుప్రేమికుల్లో చాలామందికి ఉండదు. మూడోది మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టి, ముందు వెళ్ళి తీసెయ్యి. మెస్ గోడ మీద బిర్యానీ పళ్ళెం బొమ్మ, కింద ఎర్రటి అక్షరాలతో "నీ పళ్ళెంలో హత్య" అని రాత. అది అక్కడ ఒక్కపూట కూడా ఉండకూడదు.

"ఎలా ఉన్నాయో చెప్పు పెద్దమ్మా" అన్నావు కాబట్టి చెప్తున్నాను. అడక్కపోయినా చెప్పేదాన్నే అనుకో. ఇన్నేళ్ళు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పిన నోరు ఊరికే ఉండదు.

ఆ గోడ ముందు పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడేదెవరో ఒకసారి తల్చుకో. నల్గొండ వైపు నుంచో మహబూబ్‌నగర్ వైపు నుంచో వచ్చిన గొల్లకురుమల పిల్లవాడు ఉంటాడు. వాళ్ళ నాన్న పొట్టేళ్ళు అమ్మితేనే వాడి హాస్టల్ ఫీజు కట్టగలిగాడు. ఈనలేక అవస్థ పడే గొర్రె పక్కన రాత్రంతా కూర్చోవడం, గాలికుంటు తగిలిన జీవాల గిట్టలు కడగడం, చిటుక రోగంతో తెల్లారేసరికి నాలుగు జీవాలు పోతే ఇంట్లో పొయ్యి వెలిగించకపోవడం, ఇవన్నీ వాడు పుట్టినప్పటినుంచీ చూసినవే. జంతువు బాధ ఎలా ఉంటుందో నీకన్నా నాకన్నా వాడికి దగ్గరగా తెలుసు. నీ పోస్టర్ వాణ్ణి హంతకుడి కొడుకంటోంది. కాకినాడ నుంచో భీమిలి నుంచో వచ్చిన మత్స్యకారుల పిల్ల ఉంటుంది. చచ్చిన గొడ్డును మోయించి, తోలు ఒలిపించి, ఆ తోలుతో చెప్పులు కుట్టించుకుని, ఆ పని చేసినందుకే ఊరి బయట ఉంచిన కులాల పిల్లలు ఉంటారు. వాళ్ళింట్లో ఏం ఉడుకుతోందన్నది ఈ దేశంలో ఎప్పుడూ వాళ్ళ వంటింటి సంగతిగా మిగల్లేదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెడితే ఎంత గొడవైందో మీ ప్రొఫెసర్లను అడుగు. ఆ గొడవలో ఆవు ఆకలిదప్పుల ఊసెత్తినవాళ్ళు నాకెవరూ కనపడలేదు. అదంతా మనుషుల మధ్య తగువు, ఎవరి తిండి ఎవరికి అసహ్యం అన్న తగువు.

జాషువా గారి 'గబ్బిలం' నీకు తెలుసుగా, 1941లో వచ్చింది. అందులో ఒక అంటరానివాడు తన గోడు కాశీలో శివుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. ఎందుకు? గబ్బిలం గుళ్ళోకి వెళ్ళగలదు, అతను వెళ్ళలేడు. జంతువుకు లోపల చోటిచ్చి మనిషిని గుమ్మం బయట నిలబెట్టిన చరిత్ర మనది. అందుకే మన దగ్గర జంతువుల పక్షాన ఎవరు మాట్లాడినా ఎదుటివాడు ముందు ఒక్క క్షణం అనుమానంగా చూస్తాడు. 'ఈవిడకి మేకంటే ప్రేమా, నేనంటే చులకనా?' అని లోపల తూకం వేసుకుంటాడు. నీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ గోడకెక్కిన పోస్టర్ నీ ఉద్దేశాన్ని వెంటేసుకుని తిరగదు కదా. రేపు దాన్ని ఫోటో తీసి, కులం పొగరుతో ఊగేవాడెవడో తన మాటకు సాక్ష్యంగా వాడుకుంటే నువ్వేం చేయగలవు?

మాంసం మానేశానన్నావు. మెచ్చుకుంటాను. నేను చేపలు తింటానని నీకు తెలుసు, నువ్వొచ్చినప్పుడు నీ కూర వేరే గిన్నెలో వండుతాననీ తెలుసు. "ఎందుకు మానేశావే" అని ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. అడగనివాడి పళ్ళెంలోకి తొంగిచూడకు. ఎక్కడో ఒకచోట తొంగిచూసి తీరాలనుకుంటే నీ కాఫీ గ్లాసుతో మొదలుపెట్టు. ట్రాక్టర్లు వచ్చాక దున్నపోతుతో రైతుకు పనిలేకుండా పోయింది. గేదె మగదూడను ఈనిందంటే దాని వంతు పాలు కూడా బిందెలోకే. కట్టేసిన చోటే ఎండిపోయి చచ్చే దూడలు మన ఊళ్ళలో ఎన్నో. చచ్చాక ఆ తోలులోనే గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెడతారు, అది నాకుతూ చేపుకొస్తుంది. ఆ ఓపిక కూడా లేనివాళ్ళు ఇంజెక్షన్ పొడుస్తారు. పాల కోసం పశువు ఆరోగ్యం చెడగొట్టే అలాంటి ఇంజెక్షన్లు నేరమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ చెప్తోంది. ఇదంతా శాకాహారుల ఇళ్ళలోకి వచ్చే పాల సంగతే. పెరుగన్నం తింటూ బిర్యానీ తినేవాడికి నీతి చెప్పడం నాకైతే ఎబ్బెట్టుగా ఉంటుంది.

అలాగని తిండి జోలికే వెళ్ళొద్దని అనడం లేదు. మెస్‌లోనే బోలెడు పని ఉంది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది, తెలంగాణా వెనకబడి లేదు. ఆ కోళ్ళలో ఎక్కువ భాగం తీగల బోనుల్లో బతుకుతాయి. ఒక్కో కోడికి దొరికే చోటు నువ్వు నోట్సు రాసుకునే ఏ4 కాగితమంత కూడా ఉండదు. రెక్క విప్పడానికి లేదు, మట్టి గీరడానికి లేదు. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికను ఈ కోళ్ళ పెంపకం, రవాణా మీదే ఇచ్చింది. లైబ్రరీలో దొరికితే తెచ్చుకుని చదవండి. గుడ్డు తినేవాడు కూడా ఆ బోను చూస్తే 'ఇది బాగాలేదు' అంటాడు, అతన్ని ముందు నీతో అంతవరకు రానీ. మెస్ కమిటీలో కూర్చుని, గుడ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి, బోను లేకుండా పెంచేవాళ్ళు దగ్గర్లో ఉన్నారా, ధర ఎంత తేడా, వారానికి ఒక్కరోజైనా అవి కొనగలమా అని అడగండి. కోళ్ళని కాళ్ళు కట్టి స్కూటర్‌కి తలకిందులుగా వేలాడదీసి తెచ్చే సరఫరాదారుని మార్చమనండి. ఆ 1960 చట్టం 11వ సెక్షన్ ప్రకారం అది నేరం. ఈ అడగడంలో కోడికూర తినే కుర్రాళ్ళు నీ పక్కన నిలబడతారు. బహుశా అందరికన్నా గట్టిగా వాళ్ళే మాట్లాడతారు, కూర వాళ్ళది కాబట్టి.

ఇక కుక్కలు. ఫోన్‌లో నీ గొంతులో ఎక్కువ కోపం వినపడింది ఇక్కడే. కాబట్టి నేను కూడా కాస్త నిదానంగా చెప్పాలి.

2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ (ఏబీసీ) రూల్స్ ప్రకారం వీధికుక్కల్ని పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. అన్నం పెట్టడానికి పిల్లలు ఆడుకునే చోటుకీ, రాకపోకల దారులకీ దూరంగా ఒక స్థలం, ఒక వేళ నిర్ణయించాలి. ఇన్నాళ్ళూ మీరు నమ్ముకున్నది దీన్నే. 2025లో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల సంగతి తనంతట తాను చేపట్టింది. ఆగస్టు 11న అన్నింటినీ షెల్టర్లకు పంపమంది, 22న ముగ్గురు జడ్జిలు దాన్ని సవరించి, రేబిస్ సోకినవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని వదలమన్నారు. నవంబరు 7న మళ్ళీ, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తీసుకెళ్ళి, ఆపరేషనూ టీకాలూ చేయించి షెల్టర్లలో పెట్టాలనీ, పట్టిన చోట మళ్ళీ వదలొద్దనీ చెప్పింది. మీ క్యాంపస్ విద్యాసంస్థే కదా. ఆ ఉత్తర్వులు ఇలా మారుతూ వచ్చాయి. తాజా ఉత్తర్వు ఏముందో మీలో లా చదివేవాళ్ళ చేత తెప్పించుకుని, వాక్యం వాక్యం చదువుకున్నాకే రిజిస్ట్రారు గది తలుపు తట్టండి. టీవీలో విన్నది పట్టుకుని వెళ్తే ఆయన మొదటి ప్రశ్నకే మీరు బయటికొచ్చేస్తారు.

కోర్టు ఏమన్నా సరే, మీకు అక్కరకొచ్చేది ఒక రిజిస్టరు. క్యాంపస్‌లో కుక్కలెన్ని, ఒక్కోదాని ఫోటో, ఎక్కడ తిరుగుతుంది, ఆడా మగా, చెవి కొస కత్తిరించి ఉందా (ఆపరేషన్ అయిందనడానికి అదే గుర్తు), టీకా ఏ తారీఖున పడింది, ఎవరినైనా కరిచిందా. చివరి గడి కూడా నిజాయితీగా నింపండి. మీకిష్టమైన కుక్కే కరిచినా రాయండి. కుక్కల్ని అక్కడే ఉంచినా ఈ రిజిస్టరు కావాలి, షెల్టర్‌కి తీసుకెళ్ళినా కావాలి. తీసుకెళ్ళినప్పుడు 'ఎన్ని తీసుకెళ్ళారు, ఎక్కడ పెట్టారు, నెల తర్వాత ఎన్ని బతికున్నాయి' అని అడగాలంటే ముందు మీ దగ్గర లెక్కుండాలిగా. మద్రాసు ఐఐటీలో కుక్కల్ని పట్టి దడుల్లో పెట్టినప్పుడు గొడవ కోర్టుదాకా వెళ్ళింది. అక్కడ అడవీ ఉంది, జింకలూ కృష్ణజింకలూ ఉన్నాయి, కుక్కలు వాటిని వేటాడతాయి. హైదరాబాదులోనూ క్యాంపస్ కుక్కల చేతిలో చుక్కల దుప్పి చచ్చిందని పేపర్లో చదివే ఉంటావు. జంతువుల పక్షం అన్నావంటే ఆ దుప్పి పక్షం కూడా నువ్వే. రెండింటికీ న్యాయం ఒకేసారి జరగని రోజులొస్తాయి. అప్పుడు కుక్కకి పేరు పెట్టుకున్నామనీ దుప్పికి పెట్టలేదనీ తీర్పు చెప్పకూడదు.

భయపడేవాళ్ళని ఎగతాళి చేయకండి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో ఒక పసివాణ్ణి కుక్కలు చంపేసిన వీడియో ఊరంతా చూసింది. ఆ తండ్రి వాచ్‌మన్. ఆ వీడియో చూసిన తల్లి దగ్గరికి వెళ్ళి 'వాటి జోలికెళ్ళకపోతే అవి ఏమీ చేయవండీ' అంటే ఆవిడ నీ మొహం చూడదు. రాత్రి పదింటికి గిన్నెలు కడిగి సైకిలు మీద ఇంటికెళ్ళే మెస్ పనివాడు ఏ మలుపులో దిగి నడుస్తున్నాడో అడిగి తెలుసుకో. ఊడ్చే ఆమెని అడుగు. ఏ కుక్క ఎవరి వెంటపడుతుందో, ఏది ఎక్కడ ఈనిందో క్యాంపస్‌లో అందరికన్నా బాగా తెలిసింది వాళ్ళకే, వాళ్ళనెవరూ మీటింగుకి పిలవరు. మీ తర్వాతి మీటింగు వాళ్ళ డ్యూటీ మారే వేళకి పెట్టండి, టీ కూడా ఇప్పించండి.

అన్నం హాస్టల్ మెట్ల మీద పెట్టొద్దు. ఒకే చోట, ఒకే వేళకి పెట్టండి. తిన్నాక ఆకులూ పొట్లాలూ ఎత్తేసేది కూడా పెట్టినవాళ్ళే. కుక్కల్ని నిజంగా పోషించేది మీ బిస్కెట్ పాకెట్లు కాదనుకో, మెస్ వెనక మూతలేని చెత్తడబ్బాలే. ఆ డబ్బాలకి మూతలు పెట్టించారంటే మీరు నెలరోజులు చేసే నినాదాలకన్నా ఎక్కువ పనైనట్టు. కనీసం 70 శాతం కుక్కలకి టీకాలు పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే అల్లరి కుక్కని కూడా వెంటపడి పట్టుకోవాలి. మచ్చికైన పదింటికి వేయించి ఫోటోలు దిగితే సరిపోదు.

కుక్కల్ని ముట్టుకునే ప్రతివాళ్ళూ ముందస్తు రేబిస్ టీకా వేయించుకోండి. డోసుల సంగతి డాక్టరు చెప్తారు. పన్ను దిగినా, గోరు గీరినా, పుండు మీద నాకినా పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి మరీ. కారం, సున్నం, పసుపు ఏదీ రాయొద్దు. అదే రోజు ఆసుపత్రికి. ముందస్తు టీకా పడ్డవాళ్ళూ వెళ్ళాల్సిందే. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. "మనం పెంచిన కుక్కే కదా" అన్నమాట నాకు ఫోన్‌లో ఇంకోసారి వినపడితే మీ అమ్మకి చెప్తాను.

సెలవుల మాట కూడా మాట్లాడుకోవాలి. సెమిస్టరంతా గిన్నె నింపి, పరీక్షలవగానే బ్యాగు సర్దుకుని ఇళ్ళకి పోతారు. ఆ నెలా రెండు నెలలూ వాటికి పెట్టేదెవరు? మనుషుల చేతి తిండికి అలవాటుపడ్డ కుక్క ఆకలితో మనుషుల మీదికే వస్తుంది. సెలవుల్లో ఉండే రీసెర్చ్ స్కాలర్లతో వంతులు రాసుకున్నాకే కొత్త కుక్కకి అన్నం అలవాటు చేయండి. దీనికన్నా ఘోరం ఇంకోటుంది. హాస్టల్లో రహస్యంగా పెంచిన పర్షియన్ పిల్లి, రూములో ఏసీ వేసి ఉంచిన హస్కీ కుక్కపిల్ల, కోర్సు అయిపోయాక గేటు దగ్గర. మీ సంఘం మొదటి తీర్మానం ఇదే కావాలంటాను, క్యాంపస్‌లో ఎవరూ జంతువుని కొనకూడదు, చదువు పూర్తయ్యాక దాన్ని ఇంటికి తీసుకెళ్ళలేనివాళ్ళు దత్తత కూడా తీసుకోకూడదు. హైదరాబాదు ఎండలకి హస్కీని తెచ్చిన వాళ్ళని తిట్టడానికి నాకు మర్యాదైన మాటలు దొరకవు.

నీకు తెలీని ఒక కాలం గురించి చెప్తాను. ఒకప్పుడు మా ప్రాక్టికల్స్‌కి కప్పలు బకెట్లలో వచ్చేవి, మీద తడి గోనెపట్టా కప్పి. వరిచేలల్లో పట్టి తెచ్చేవాళ్ళు. క్లోరోఫామ్, మైనపు ట్రే, గుండుసూదులు, రక్తనాళాల బొమ్మ, పది మార్కులు. సొరచేప తలలో నరాలు వెలికితీయడం అయితే ఒక పెద్ద విద్య. ఆ కప్పలు చేలో ఉంటే ఎన్ని పురుగుల్ని తినేవో ఆ కాగితం మీద ఎవరూ రాయమనలేదు. కప్పకాళ్ళ ఎగుమతిని ప్రభుత్వం 1987లోనే ఆపింది, లాబుల్లోకి వచ్చే కప్పలు మాత్రం చాలా ఏళ్ళు వస్తూనే ఉన్నాయి. 2011లో యూజీసీ డిసెక్షన్లు తగ్గించుకురమ్మని మార్గదర్శకాలిచ్చింది, 2014లో జువాలజీ కోర్సుల్లో ఆపేయమంది. ఇప్పుడు పిల్లలు కంప్యూటర్ తెర మీద కప్పని కోసి, మళ్ళీ మూసేస్తున్నారు. శరీరం లోపల ఏముందో వాళ్ళకి తక్కువ తెలుస్తోందని నాకేమీ అనిపించలేదు. ఆ మార్పు కోసం ఎక్కడెక్కడో ఎందరో పిల్లలు "మేం కోయం" అని మార్కులు పోగొట్టుకుని ఉంటారు, ఎందరో మాస్టర్లు అర్జీలు రాసి ఉంటారు. జంతువుల కోసం పోరాటం ఎక్కువభాగం అర్జీలే తల్లీ, తెలిసే ఉంటుంది.

మీ క్యాంపస్‌లో బయాలజీ లాబులున్నాయి కాబట్టి ఇది అడుగు. ఎలుకల మీదో కుందేళ్ళ మీదో ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ జంతు నైతికతా కమిటీ ఒకటి ఉండాలి. అందులో ఒక పశువైద్యుడు, బయటి సంస్థ శాస్త్రవేత్త, శాస్త్రంతో సంబంధం లేని సభ్యుడొకరు, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ తరఫు మనిషి ఉంటారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది, ఏం చూస్తుంది అని మర్యాదగా ఉత్తరం రాయండి. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు ఒక పుస్తకంలో మూడే ప్రశ్నలు పెట్టారు. జంతువు లేకుండా చేయలేమా? తక్కువ జంతువులతో చేయలేమా? నొప్పి తగ్గించలేమా? మీ రీసెర్చ్ స్కాలర్లలో చాలామందికి ఈ మూడూ నోటికొచ్చు, వాళ్ళలో కొందరికి ఎలుకని చంపాల్సిన రోజు రాత్రి నిద్రపట్టదు. వాళ్ళతో మాట్లాడు. లాబు ముందు నినాదాలిచ్చావంటే ఆ తలుపూ మూసుకుంటుంది, వాళ్ళ నోరూ మూసుకుంటుంది. పైగా నువ్వు వేయించుకోబోయే రేబిస్ టీకా కూడా ఎన్నో జంతువుల మీదుగానే మనదాకా వచ్చింది. ఆ సంగతి దాచిపెట్టి వాదించకు.

చట్టం గురించి ఒక ముక్క. దివ్యజ్ఞాన సమాజపు వాతావరణంలో పెరిగిన రుక్మిణీదేవి అరండేల్ పేరు నాట్యం వల్ల నీకు తెలిసే ఉంటుంది. రాజ్యసభకి నామినేట్ అయ్యాక ఆవిడ మూగజీవాల కోసం సొంతంగా బిల్లు పెట్టింది. ప్రభుత్వమే తెస్తుందని నెహ్రూ మాటిచ్చాక వెనక్కి తీసుకుంది. అలా 1960 చట్టం వచ్చింది, 1962లో జంతు సంక్షేమ బోర్డు వచ్చింది, ఆవిడే మొదటి అధ్యక్షురాలు. ఆ చట్టంలో మొదటిసారి హింసకి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఇప్పటికీ అంతే. మీ క్యాంటీన్లో దోసెకి చాలదు. దీని మీద పోస్టర్ వెయ్యి! "గాడిదని చావబాదితే జరిమానా 50 రూపాయలు" అని పెద్దక్షరాల్లో. ఎవరి కులాన్నీ తాకదు, ఎవరి పళ్ళేన్నీ తాకదు, చదివినవాడు ఆగి రెండోసారి చదువుతాడు. కింద చిన్నక్షరాల్లో ఇది కూడా రాయి, చంపినా, విషం పెట్టినా, అవిటి చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళదాకా జైలు ఉండొచ్చని. క్యాంపస్‌లో ఎవరైనా కుక్కలకి విషం పెడితే పనికొచ్చే సెక్షన్ అదే.

ఫోటోలు పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. 2025 మార్చి నెలాఖరున హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో చెట్లు కూల్చడానికి బుల్డోజర్లు దిగినప్పుడు విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపేసింది. నెమళ్ళూ నక్షత్ర తాబేళ్ళూ ఉన్న నేల అది, వాదన గట్టిదే. కానీ మధ్యలో ఎవరెవరో కంప్యూటర్‌తో పుట్టించిన బొమ్మలు తిరిగాయి, ప్రభుత్వం వాటిని పట్టుకుని కేసులు పెట్టింది. కొన్నాళ్ళపాటు చర్చ చెట్లని వదిలేసి బొమ్మల మీదికి పోయింది. నిజం మీ పక్షాన ఉన్నప్పుడు అబద్ధపు బొమ్మ ఎందుకు? మీరు తీసిన మసకబారిన ఫోటో చాలు, కింద తేదీ, స్థలం రాయండి.

నీ మొదటి రెండు పోస్టర్లకీ తలా ఒక మాట జోడిస్తాను. జిగురు అట్ట మీద ఎలుక వెంటనే చావదు. ఆకలితో, దాహంతో గంటలూ రోజులూ కొట్టుకుంటుంది. ఎలుకే కాదు, ఉడతలూ బల్లులూ పిచుకలూ అతుక్కుంటాయి. అలా దొరికినదాన్ని పీకకూడదు, వంటనూనె రాస్తే మెల్లగా వదులుతుంది. అది పోస్టర్ మీద ఉండాలి. 'మరి ఎలుకల్ని ఏం చేయమంటారు' అని మెస్ మేనేజర్ అడుగుతాడు, అడగాలి కూడా. కన్నాలు మూయించడం, బియ్యం బస్తాలు బల్లల మీదికి ఎత్తించడం, బోను పెట్టడం, ఈ జవాబులతోనే వెళ్ళండి. మాంజా సంగతి, జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్ మాంజానీ గాజుపొడి పూసిన దారాన్నీ 2017లోనే నిషేధించింది. పండగ ముందు పోస్టర్ వేయడం ఒక ఎత్తు, పండగ వెళ్ళాక చెట్ల మీద వేలాడే దారాన్ని దులిపి తీయడం ఇంకో ఎత్తు. పక్షులు చిక్కుకునేది ఎక్కువ ఆ మిగిలిన దారంలోనే. తోటమాలి దగ్గర పొడుగాటి గడ కర్ర అరువు తెచ్చుకుని, ఇళ్ళకి వెళ్ళొచ్చిన వారంలోనే చేయండి.

వానాకాలంలో పాములొస్తాయి. పట్టేవాళ్ళ నంబరు హాస్టల్ సెక్యూరిటీ బల్ల మీద అంటించి ఉంచండి, హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది. మీలో ఎవరూ వీరత్వాలకి పోవద్దు. ఇంకేమీ చెప్పను దాని గురించి.

ఆ గొల్లకురుమ పిల్లాణ్ణి వెతుకు. తప్పకుండా ఉంటాడు. మీ సంఘం తరఫున ఒక సాయంత్రం వాణ్ణి మాట్లాడమను. మందలో ఈత కాలం ఎలా ఉంటుంది, అమ్మే రోజున ఇంట్లో ఎలా ఉంటుంది, ఆ సంగతి. వాడు చెప్పింది నీ మనసులో ఉన్నదానికి సరిపోకపోతే అక్కడే వాదన పెట్టుకోకు, రాసుకో. రాత్రి గదికెళ్ళాక ఆలోచించుకో. నువ్వు మాంసం మానేసిన కారణాలు అప్పటికీ నిలబడితే నిలబడనీ.

అటెండెన్సు పోగొట్టుకోకు. అది వేరే చెప్పాలా.

డబ్బు మాట మిగిలింది. ఫోన్‌లో విరాళాలు వసూలు చేస్తున్నామన్నావు. ఎవరి సొంత ఖాతాలోకి వస్తున్నాయి? ఇద్దరి పేర్ల మీద ఖాతా తెరవండి. నెలనెలా బిల్లులు, టీకాల కొనుగోలు, ఆటో ఛార్జీలతో సహా నోటీసు బోర్డులో పెట్టండి. జంతువుల పేరు చెప్పి డబ్బు తిన్నారన్న మాట ఒక్కసారి పుడితే మీ తర్వాత వచ్చే బ్యాచ్‌ని కూడా ఎవరూ నమ్మరు. ఈ ఉత్తరంతోపాటు టీకాల కోసం కొంత పంపుతున్నాను. దేనికి ఖర్చయిందో బిల్లు ఫోటో తీసి పంపు. పంపేదాకా రెండో విడత ఉండదు.

మీ పెద్దమ్మ